నీళ్ల కాపరి పంపిన చిట్టా

చేయవలసినవి: ఒకటి, పని చేస్తున్న విండోకీ వెనక ఊరికే పడి ఉన్న విండోకీ అంచు ఒకటే బూడిద రంగు, ఏది ముందుందో తెలియడం లేదు. రెండు, ఆరు అంకె, ఎనిమిది అంకె చిన్న సైజులో కవలపిల్లల్లా ఉన్నాయి. మూడు, కంప్యూటరు ఆపేటప్పుడు నల్లటి తెర మీద ఒక్క క్షణం తెల్లటి వెలుగు కొడుతోంది, కళ్లు జివ్వుమంటున్నాయి. నాలుగు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నా గదిలో పడమటి ఎండ తెర మీద పడుతుంది, అప్పుడు మెనూలో అక్షరాలు మాయం. ఐదు, బాణం గుర్తు నీలం మీదికి వెళ్తే దొరకడం లేదు. ఆరు, సెప్టెంబరు నెలలో తేదీ చివర తెగిపోతోంది, తక్కిన నెలల్లో బాగుంది. ఏడు, ఇది లోపం కాదు, అడగాలనిపించింది అంతే: వెనక ఉన్న కొండ బొమ్మ ఏ ఊరిది?

ఇది నీళ్ల కాపరి నాకు పంపిన చివరి చిట్టా. ఏడింటి పక్కనా నేను ‘అయింది’ అని రాసి తిరిగి పంపాను. ఏడో దాని పక్కన కూడా. అడిగిన ప్రశ్నకు జవాబుగా ‘అయింది’ అని రాసే మనిషి ఉంటారా అంటే, ఉన్నారు, ఇదిగో మన్యరన్ ఘాటు దిగుతున్న ఈ చిన్న బస్సులో డ్రైవరు వెనక మూడో సీటులో, లాప్‌టాప్ సంచి పిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదింబావు అయింది. పదింటికి చావస్ ఊరి నీటిపారుదల ఆఫీసులో ఒకాయన తాళాలు అప్పజెప్పి పని మానేస్తాడు. ఆయన కళ్లు పోయాయనుకుంటున్నాడు. పోలేదు. పోలేదన్న సంగతి ఈ భూమ్మీద నాకు ఒక్కదానికే తెలుసు, ఈ బస్సేమో ప్రతి మలుపులో ఆగి కూరగాయల గంపలు ఎక్కించుకుంటోంది.

“అమ్మాయ్, ఆ సంచి కింద పెట్టు, ఇంకో మనిషి సర్దుకుంటారు,” అన్నాడు కండక్టరు. ఇందులో కంప్యూటరుందన్నాను. “అయితే దానికీ ఓ టిక్కెట్టు కొట్టనా?” అన్నాడు. వెనక సీటులో కర్రపెండలం మూట మీద చేతులు వేసుకున్న పెద్దావిడ నవ్వింది. “పెళ్లికొడుకులా పట్టుకుంది చూడు, వదలదులే,” అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వడం నాకు బాగా వచ్చు. ఎవరేమన్నా నవ్వడం, ఎవరేం అడిగినా తల ఊపడం. నిన్న ఫోనులో సెలవు అడిగినప్పుడు హెడ్‌మాస్టరు గారు, “రేపు సోమవారం, జెండా వందనం ఉంది కదా లస్మి టీచరూ, ఎవరికైనా బాగాలేదా?” అన్నారు. అవునండీ బంధువులకి అన్నాను. “ఎవరికి, మీ నాన్నగారికా?” కాదండీ, తాతగారికి. “ఏమైంది?” కళ్లండీ. అంతవరకు ఒక్క మాట కూడా అనుకుని చెప్పలేదు, నోటికి అదే వచ్చేసింది. ఆయన పాపం, పళ్లు కొనుక్కెళ్లమని చెప్పారు.

నిన్న పొద్దుటి నుంచి ఒక వాక్యం తయారు చేసుకుంటున్నాను. మీ కళ్లు బాగున్నాయి, నేనే అబద్ధం రాశాను. ఇంతే. ఇది చెప్పడానికి బస్సెక్కాను. కానీ మనసులో అనుకున్న ప్రతిసారీ దాని ముందు ఏదో ఒకటి వచ్చి కూర్చుంటోంది. క్షమించాలి. మీకు తెలియందేముంది. పెద్దవారు మీరు. నాకు తీరిక లేక. ఇలా ఒక్కొక్కటీ చేరి అసలు మాట గుంపులో తప్పిపోయిన పిల్లలా అయిపోతోంది. మా వైపు పెద్దవాళ్లతో మాట్లాడే భాషే వేరు, ఆ మెట్టెక్కి నిలబడితే ‘లేదు’ అనడానికి మాట దొరకదు, దొరికినా గొంతు దాటదు. శనివారం ఫోనులో అయిదుసార్లు టైపు చేసి చెరిపేశాను. ఆరోసారి పంపాను. పంపినట్టు ఒక్క టిక్కే పడింది. చేరినట్టు రెండోది ఈ పొద్దుటి దాకా పడలేదు. లాప్‌టాప్ అల్లుడికి ఇచ్చేస్తున్నానని రాశాడు కదా, ఇచ్చేసే ఉంటాడు. ఆయన ఫోను నంబరు నాకు తెలియదు. రెండేళ్లు రోజూ నా రంగుల మధ్య బతికిన మనిషి, ఆయన ఇల్లెక్కడో కూడా నేను అడగలేదు.

ఆయన రాసింది నాకు కంఠతా వచ్చేసింది. ‘బాబుగారికి, మళ్లీ విసిగిస్తున్నాను, మన్నించాలి. ఈసారి చిట్టా లేదు. సోమవారం పదింటికి చావస్ ఆఫీసులో తాళాలు ఇచ్చేసి పని మానేస్తున్నాను. కళ్లు ఇక సాగడం లేదు. లాప్‌టాప్ అల్లుడికి ఇచ్చేస్తున్నాను. మీరు ఎప్పుడో సరిచేసినవాటినే పదే పదే చెప్పి మీ సమయం పాడుచేశాను, ఈ ముసలాడి మీద కోపం ఉంచుకోకండి. రెండేళ్లు మీ ఎంబున్ నాకు తోడుంది.’ ఇట్లు తుకిమిన్, కెడుంగ్‌వులు గేటు. మేమిద్దరం ఉన్న ఆన్‌లైన్ గ్రూపులో ఆయన పేరు నీళ్ల కాపరి. అసలు పేరు నాకు మొదటిసారి తెలిసింది సెలవు తీసుకునే ఉత్తరంలో.

ఎంబున్ అంటే మా భాషలో మంచుబొట్టు. నేను తయారుచేసిన థీమ్ పేరు. కంప్యూటరు తెరవగానే కనిపించే రంగులు, అంచులు, అక్షరాలు, చిన్న చిన్న గుర్తులు, వెనక బొమ్మ, అన్నీ ఒకే తీరులో కుట్టి పెట్టేది థీమ్. ఎవరిల్లు వాళ్లు ముగ్గులతో తోరణాలతో సర్దుకున్నట్టు మా గ్రూపులో నాలుగు వేలమంది తమ తెరలు సర్దుకుంటారు. ప్రతి శనివారం ఎవరి తెరని వాళ్లు ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి, అది మా ఆనవాయితీ. కింద అందరూ పొగడాలి, అదీ ఆనవాయితీయే. ‘అదిరింది అన్నా.’ ‘విషం పెట్టావు కదన్నా, ఇక నా తెర నాకు నచ్చదు.’ విషం అంటే మా దగ్గర అన్నిటికంటే పెద్ద మెప్పు. ఆడో మగో తెలియకుండా నా పేరు పొగమంచు అని పెట్టుకున్నాను కాబట్టి అందరికీ నేను అన్ననే. ఎంబున్ పెట్టిన శనివారం మూడువందల పన్నెండు మంది విషం అన్నారు. ఆ నెల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. అమ్మకి ఫోను చేసి చెప్తే ఆవిడ పక్కింటి వాళ్లతో, “మా లస్ కంప్యూటరు కనిపెట్టింది,” అని చెప్పింది. కనిపెట్టలేదమ్మా, రంగులేశాను అన్నాను. “అదే, రంగుల కంప్యూటరు,” అంది.

ఆ ఫొటో ఎలా తీశానో నాకు తెలుసు. తెర మీద మూడే విండోలు, ఒకదానిలో పాట, ఒకదానిలో గడియారం, ఒకదానిలో ఏదో రెండు వరుసల కోడు, అది కూడా పని చేసేది కాదు, అందంగా కనిపించేది. చుట్టాలొస్తున్నారని ముందుగది సర్ది సామానంతా వెనకగదిలోకి తోసినట్టు. సన్నటి ఫాంటు ఏరి ఏరి పెట్టాను, అంకెలు గుండ్రంగా, నడుము దగ్గర నొక్కినట్టు, ఆరు మీది తోక లోపలికి వంగి దాదాపు మూసుకుపోయేట్టు. ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాను. నేను కూడా నా థీమ్‌లో పని చేయను. స్కూలు ల్యాబులో మార్కులు ఎక్కించేటప్పుడు మామూలు తెల్లతెర, మామూలు నల్ల అక్షరాలు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మూడువందల పన్నెండు మందిలో ఎంబున్ దించుకుని పెట్టుకున్నవాళ్లు ఎంతమందో చూస్తే నలభై. వారం దాటి ఉంచుకున్నవాళ్లు ఎంతమందో లెక్క తెలియదు. ఒక్కడి సంగతి మాత్రం తెలుసు.

మొదటి చిట్టా వచ్చినప్పుడు నేను హాస్టలు గదిలో నేల మీద కూర్చుని నూడుల్స్ తింటున్నాను. ‘బాబుగారికి, మీ ఎంబున్ పెట్టుకున్నాను, చూస్తుంటే పొద్దున్నే గట్టు మీద నిలబడ్డట్టుంది. మీకు తీరిక ఉంటేనే, లేకపోతే చదవక్కర్లేదు, రెండు మూడు చిన్న సంగతులు.’ రెండు మూడు కాదు, తొమ్మిది. ఒక్కొక్కదానికీ ఎప్పుడు, ఏ పని చేస్తుండగా అలా అయిందో రాశాడు. పొద్దున్న అయిదున్నరకి దీపం వేయకముందు. వాన పడి కరెంటు తగ్గినప్పుడు. టీ తాగి వచ్చి మళ్లీ కూర్చున్నప్పుడు. చదువుతుంటే నాకు ముందు సంతోషం వేయలేదు, నిజం చెప్పాలి, కోపం వచ్చింది. ఎవడీయన? మూడువందల పన్నెండు మంది కళ్లకు కనపడనిది ఈయనకే కనపడిందా? తర్వాత భయం వేసింది, ఎందుకంటే తొమ్మిదిలో ఆరు నాకు ఎలా సరిచేయాలో తెలియదు. రంగులు కలపడం తెలుసు. అంచుల వెనక ఉన్న యంత్రం తెలియదు, ఎవరో రాసింది తెచ్చి పేరు మార్చి వాడుకున్నాను. గ్రాడ్యుయేట్‌ని. మా ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్‌ని. తెలియదు అని రాయడానికి చెయ్యి రాలేదు. ‘తప్పకుండా సార్, ఎంతో మంచి సూచనలు, అన్నీ సరిచేస్తాను,’ అని రాశాను. వారం తర్వాత వెనక బొమ్మ మార్చి, కొండ మీద ఎండ కొంచెం ఎక్కువ పెట్టి, కొత్త వెర్షన్ అని వదిలి, ఆయన తొమ్మిదింటి పక్కనా అయింది, అయింది, అయింది.

మా నాన్న జకార్తాలో బక్సో బండి నడుపుతాడు, మాంసం ఉండల పులుసు. ఇరవై ఏడేళ్ల నుంచి ఏడాదికోసారి రంజాన్ పండగకి ఇంటికొస్తాడు. ఎవరైనా తిని బాగుందంటే నాన్న నమ్మడు. గిన్నె తిరిగొచ్చాక అడుగున ఏం మిగిలిందో చూస్తాడు. “నోటితో బాగుందంటారే, మర్యాదస్తులు. గిన్నెలో ఉండ ఎందుకు మిగిలిందో అది చెప్పమను,” అనేవాడు. ఒకసారి వానలో నిలబడి తిన్న రిక్షా ఆయన వెళ్తూ వెళ్తూ, “ఇవాళ మిరియాలు పాతవి వేశావన్నా,” అన్నాడట. నాన్న ఆయన వెనకాల వీధి చివరిదాకా పరిగెత్తాడు, కొట్లాటకేమో అని రిక్షా ఆయన భయపడ్డాడు, “ఇంకేం తేడా ఉందో చెప్పి వెళ్లు,” అన్నాడట నాన్న. ఈ కథ ఇంట్లో వందసార్లు చెప్పాడు. నేను వందసార్లు నవ్వాను. ఆయన కూతుర్నే నేను.

అప్పుడే ఎక్కిన మనిషి సంచిలోంచి వేయించిన టెంపే సోయా ముక్కల వాసన. ఘాటు అయిపోయింది, పొలాలు మొదలయ్యాయి, కాలవ ఒకటి రోడ్డు పక్కన మాతో పాటు వస్తోంది. ఈ నీళ్లు ఆయన గేటులోంచి వచ్చినవేనా? ఏ గేటు నీళ్లు ఏ పొలానికి పోతాయో నాకేం తెలుసు. ఆయన చిట్టాల్లోంచే కొంచెం తెలిసింది. పై ఆనకట్ట నుంచి గంటకోసారి నీటిమట్టం అంకె ఆయన తెర మీదికి వస్తుంది. దాన్ని చూసి గేటు ఎంత ఎత్తాలో తేల్చుకోవాలి, పుస్తకంలో రాయాలి. గదిలో ఒక్కడే. రాత్రి పూట ఇంకొకతను వస్తాడు కానీ అతను రేడియో వింటాడు, కంప్యూటరు ముట్టుకోడు. ఇవన్నీ ఆయన వేరేగా ఎప్పుడూ చెప్పలేదు. ‘గేటు ఎత్తి వచ్చేసరికి తెర ఆరిపోయి ఉంటుంది, అప్పుడు’ అని ఒక లోపం గురించి. ‘భోజనం చేస్తూ చూస్తాను కాబట్టి కొంచెం దూరం నుంచి’ అని ఇంకో లోపం గురించి. ‘ఇవాళ మాట్లాడటానికి ఎవరూ రాలేదు, అందుకని తెర అంతా మూల మూలా చూశాను’ అని ఒకసారి. నేను ఆ వరుస మీదగా జారిపోయి కింద ఉన్న అంకెల దగ్గరికి వెళ్లాను, ఎన్ని లోపాలు రాశాడో లెక్కపెట్టడానికి.

కాలేజీలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు పుస్తకం దిద్దించుకోవడానికి ఒక మాస్టారి గది ముందు ఎనిమిది నెలలు కూర్చున్నాను. నలభై ఒకటో పేజీ, నలభై రెండో పేజీ బైండింగు జిగురు అంటి అతుక్కుపోయాయి, ఇచ్చిన రోజే గమనించాను, విడదీస్తే చిరుగుతుందని వదిలేశాను. ఎనిమిది నెలల తర్వాత పుస్తకం తిరిగొచ్చింది. అట్ట మీద ‘బాగుంది’ అని ఎర్ర సిరాతో. నలభై ఒకటీ నలభై రెండూ అలాగే అతుక్కుని ఉన్నాయి. ఆ రోజు బస్టాండులో కూర్చుని ఏడ్చాను, అందరూ ఫెయిలయ్యానేమో అనుకున్నారు. తెరవని పుస్తకానికి బాగుంది అనిపించుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసీ, ఒక మనిషి నా పుస్తకం ప్రతి పేజీ విడదీసి చదువుతుంటే నేనేం చేశాను?

నవ్వాను. గ్రూపులో మేం అయిదుగురం వేరేగా మాట్లాడుకునే చోటు ఒకటుంది. గలిహ్ అనే అతను, సెమరాంగ్‌లో ఏదో కంపెనీలో పని, “ఏంటన్నా, మీ తాతయ్య మళ్లీ చిట్టా పంపాడా?” అని అడిగేవాడు. నేను చిట్టా అంతా అక్కడ పెట్టేదాన్ని. “సెప్టెంబరులో తేదీ తెగుతోందట! అంటే ఏడాదంతా అదే థీమ్‌లో ఉన్నాడా ఈయన? పాపం ఇంట్లోవాళ్లు వేరే థీమ్ కొనిపెట్టడం లేదా?” అన్నాడు గలిహ్. నేను పడీ పడీ నవ్వే బొమ్మ పెట్టాను. ఏడాది కాదు, రెండు సెప్టెంబర్లు.

నాలుగో చిట్టా ఉంది, అదే అసలు. ‘ఆరు, ఎనిమిది సంగతి బాబుగారు సరిచేశానని రాశారు, కానీ నాకు ఇంకా ఒకేలా కనిపిస్తున్నాయి. కాబట్టి లోపం నా కళ్లదే అయి ఉంటుంది. క్లాతెన్ పట్నం వెళ్లి కొత్త అద్దాలు చేయించుకున్నాను. విచిత్రం ఏమిటంటే నదిలో పాతిన కొలకర్ర మీది అంకెలు గట్టు మీంచి బాగానే కనిపిస్తాయి, తెర మీదివే కనిపించడం లేదు.’ అది చదివినప్పుడు నాకేం అనిపించిందో ఇప్పుడు, ఈ బస్సులో, ఈ టెంపే వాసనలో, నాకు నేను చెప్పుకోవాలి. హమ్మయ్య అనిపించింది. ఒక్క క్షణమే. తప్పు తన కళ్ల మీద వేసుకున్నాడు, ఇక నన్నడగడు. హమ్మయ్య. ఆ తర్వాత చిట్టా మళ్లీ మొదటి నుంచి చదివాను. అయినా ఏం రాశాను? ‘కళ్లు జాగ్రత్తగా చూసుకోండి సార్.’ ఆ వాక్యం చివర ఒక పువ్వు బొమ్మ కూడా పెట్టాను.

ఫాంటు మార్చుకోవడం ఎవరికైనా రెండు నిమిషాల పని. ఆయన మార్చుకోలేదు. ‘మీరు ఇంత శ్రద్ధగా అమర్చింది నేను కదపడం మర్యాద కాదు’ అని రాశాడు ఎక్కడో. నేను చేయకుండానే చేశానన్నాను, ఆయన కాలేదని కనిపిస్తున్నా కాలేదనలేదు. ఇద్దరం ఒకరికొకరు వంగి వంగి దండాలు పెట్టుకుంటూ వెనక్కి నడిచాం, వెనక గొయ్యి ఉన్నది ఆయనకి.

మళ్లీ అద్దాలు మార్చాడు. అది అయిదో చిట్టాలో ఉంది. ఆరోదానిలో, కింద, క్షమాపణలాగా, ‘పోయిన వారం నూట ఎనభై ఆరుని నూట ఎనభై ఎనిమిది అనుకుని గేటు దించేశాను. కింది వాటా రైతులకి రెండు రోజులు నారుమళ్లకు నీళ్లందలేదు. ఇంటింటికీ వెళ్లి తప్పయిందని చెప్పి వచ్చాను. వాళ్లు మంచివాళ్లు, ఏమీ అనలేదు, కళ్లు చూపించుకో అన్నారు.’ ఇరవై ఆరు ఇళ్లట. నేను ఆ వారం గ్రూపులో ఒకతని తెర కింద విషం అన్నా అని రాశాను, పరీక్ష పేపర్లు దిద్దాను, అమ్మకి డబ్బు పంపాను, ఆరో చిట్టాకి అయింది అని రాశాను. తర్వాత ఏడోది వచ్చింది. దానికీ. అంత జరిగాక కూడా ఆయన కొండ ఏ ఊరిదని అడిగాడు. అది మా ఊరి వెనక కొండ, ఎండాకాలం కర్రపెండలం ఎండబెట్టే బండ మీంచి నేనే తీశాను అని రాస్తే ఎంత పని?

శనివారం ఉత్తరం చూశాక మొదటిసారి ఎంబున్‌ని నా తెర మీద పెట్టుకుని పని చేశాను. పదో తరగతి మార్కులు ఎక్కించాను. నలభై మంది పిల్లల్లో ముగ్గురికి తప్పు ఎక్కించాను. అరవై ఎనిమిది, అరవై ఆరు. మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకెళ్లి ఎండలో పెట్టి చూశాను, మెనూ మాయం. ఆపాను, తెల్లటి వెలుగు కొట్టింది. కళ్లు జివ్వుమన్నాయి. ఆయన వాడిన మాటే నా నోట్లోకి వచ్చింది. గది మధ్యలో నిలబడి జివ్వుమన్నాయి అని పైకే అన్నాను, వినేవాళ్లెవరూ లేరు.

“చావస్, చావస్! కంప్యూటరమ్మాయ్, దిగాలి!” అన్నాడు కండక్టరు. “పెళ్లికొడుకు జాగ్రత్త,” అంది వెనకావిడ.

తొమ్మిదీ ఇరవై. ఆఫీసు వరండాలో పొడుగు బల్ల, దాని మీద ఒకే ఒక్కాయన. నల్ల టోపీ, ఇస్త్రీ బాతిక్ చొక్కా, ముక్కు మీద అద్దాలు, జేబులో ఇంకో జత. ఒళ్లో తాడు కట్టిన మూడు తాళాలు. నా వాక్యం మొత్తం మర్చిపోయాను.

“తుకిమిన్ గారేనా?”

“అవునమ్మా. ఎవరింటి అమ్మాయివి?”

“నేను... ఎంబున్ అండీ.”

“ఎంబున్ బాబు చెల్లెలివా? ఆయన బాగున్నాడా?”

“ఆ బాబుని నేనే తాతగారూ.”

ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూసి పకపకా నవ్వాడు. “మీసాలున్న కుర్రాడివనుకున్నానే! రెండేళ్లు బాబూ బాబూ అంటుంటే ఒక్కసారి కాదనకూడదూ? కూర్చో, కూర్చో. ఎంత దూరం వచ్చావు? టీ తాగావా?”

కూర్చోలేదు. కూర్చుంటే మర్యాదలు మొదలవుతాయి. “మీరు చెప్పినవాటిలో ఒక్కటి కూడా నేను సరిచేయలేదు,” అన్నాను. “అయిందని అబద్ధం రాశాను. నాకు చేయడం రాక. ఆరూ ఎనిమిదీ నిజంగానే ఒకేలా ఉంటాయి. మీ కళ్లు బాగున్నాయి.” గొంతు పెద్దదైపోయింది, లోపల ఎవరో తలెత్తి చూశారు. మా ఊళ్లో పెద్దవాళ్ల ముందు ఎవరూ అలా నిలబడి మాట్లాడరు.

ఆయన నవ్వు ఆగింది. తాళాలు ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆ తెల్లటి వెలుగు?”

“ఉందండీ.”

“అంచులు?”

“రెండూ ఒకటే రంగు.”

“మరి ఎండలో...”

“నేనెప్పుడూ ఎండలో చూడలేదండీ. మొన్న చూశాను. ఏమీ కనపడదు.”

ఆయన అద్దాలు తీశాడు. రోడ్డు అవతల దుకాణం మీద బోర్డు వైపు కళ్లు చిట్లించకుండా చూసి, బడిపిల్లాడిలా ఒక్కొక్క మాటా పైకి చదివాడు. “సోయా పాలు. వేడివి, చల్లవి. చక్కెర లేకుండా కూడా... దొరుకును.” తిరిగి నా వైపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడాలని కోరుకున్నాను. ఆయన మొహమంతా వెలిగింది. “అయితే బాగానే ఉన్నాయి!” అన్నాడు. “నేను మా ఆవిడతో కూడా అన్నాను, కొలకర్ర కనిపిస్తోంది కదే అని. అది నమ్మలేదు.”

లోపల్నుంచి ఆఫీసరు, చిన్నవాడే, కాగితం పట్టుకుని వచ్చాడు. “తాతగారూ, తాళాలు మూడేనా?”

“మూడే బాబూ. ఇదిగో, నా కళ్లు బాగానే ఉన్నాయట!”

“మంచిదే కదా! ఇక్కడ తేదీ వేయండి.”

నేను ముందుకు వెళ్లాను. సార్ ఒక్క నిమిషం, పొరపాటు నాది, ఈయన పని మానక్కర్లేదు అని చెప్పబోయాను. తుకిమిన్ గారు చేత్తో నన్ను ఆపి, ఆఫీసరుకు వినపడకుండా మెల్లగా అన్నాడు. “వద్దమ్మా. సంతకాలు శుక్రవారమే అయిపోయాయి. కొత్తతను నిన్న పెళ్లాం బిడ్డతో గేటు పక్క గదిలో దిగాడు. అతని భార్య అప్పుడే కిటికీకి పరదా కట్టుకుంది. ఇప్పుడు పొమ్మని ఎలా అంటాం? మనసు నొచ్చుకుంటారు.”

“మీ మనసో?” అన్నాను.

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. తేదీ వేశాడు. అద్దాలు లేకుండానే వేశాడు. ఆ తర్వాత నాకు టీ ఇప్పించాడు, ఇంట్లో పిల్లలకి పట్టుకెళ్లమంటూ సంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి చేతిలో పెట్టాడు, నాకు పిల్లల్లేరన్నా వినలేదు. సైకిలెక్కి కాలవ గట్టు వైపు కాకుండా ఊరి వైపు తిరిగాడు. నేను బల్ల మీద కూర్చుండిపోయాను. తిరుగు బస్సు పన్నెండింటికి.

ఎంబున్ ఇప్పుడు గ్రూపులో లేదు, తీసేశాను. ఎందుకు తీశావన్నా అని చాలామంది అడిగారు, అందుకే ఇదంతా రాశాను. నన్ను మర్చిపోయినా పర్వాలేదు. చావస్ వైపు వాళ్లెవరైనా ఇది చదివితే ఒక్కటే అడుగుతున్నాను. కెడుంగ్‌వులు గేటు దగ్గర ఇరవై రెండేళ్లు నీళ్లు చూసిన మనిషి పేరు తుకిమిన్. కళ్లు పోయి పని మానేశాడని ఆ కింది వాటా పొలాల్లో ఇప్పటికీ అనుకుంటున్నారట. అలా ఎవరైనా అంటే కాదని చెప్పండి. ఆయనకి అన్నీ సరిగ్గానే కనిపించాయి. దయచేసి ఆయన్ని అలాగే గుర్తుపెట్టుకోండి.